ట్రెసాకు రాసిన రెండు సిఫారసులు

నవంబరు ఆరో తారీఖు, గురువారం. ఆ మధ్యాహ్నం నేను మాంసం, బీన్స్ కలిపి ఉడికించిన చిల్లీ ఒక పెద్ద గిన్నెడు, దాని పక్కన వెన్న రాసిన దాల్చినచెక్క రొట్టె తిన్నాను. మా వీధిలో ఉండే మార్లిస్ పొద్దున్నే తెచ్చి, నేను కారు అద్దం మీద మంచు గీకుతుంటే, ముందు సీట్లో పెట్టి వెళ్లింది. నా భార్య ఆర్డిస్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఆకలేసి తిన్న మొదటి భోజనం అదే. తిన్నాక గిన్నె కడిగి, చేతులు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత మనసు తేలికపడి, పనికి కూర్చుని ట్రెసా కోంబ్స్ ఉత్తరాలు తారుమారు చేశాను.

దుఃఖంలో చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. ఆ మధ్యాహ్నం నేను సంతోషంగానే ఉన్నాను.

అయోవాలోని ఒక యూనివర్సిటీ అర్థశాస్త్ర విభాగంలో డాక్టరేటు విద్యార్థుల ఆఫీసు నేను చూసుకుంటాను. పంతొమ్మిదేళ్లయింది. నేను చదివింది చరిత్ర, అదీ డిగ్రీ వరకే. అర్థశాస్త్రం నాకు రాదు. కానీ ప్రతి శీతాకాలం ఆ పిల్లలు ఉద్యోగాల కోసం పడే అవస్థ మాత్రం వాళ్ల ప్రొఫెసర్ల కంటే నాకే బాగా తెలుసు. దేశమంతా ఒకే రుతువులో జరిగే సంత అది. నవంబరులో దరఖాస్తులు, డిసెంబరులో పిలుపులు, జనవరిలో ఇంటర్వ్యూలు. ఆ బండి తప్పితే మళ్లీ ఏడాది దాకా బండి లేదు.

ఒక్కొక్కరు నూరు, నూట ఇరవై చోట్ల దరఖాస్తు పెడతారు. ప్రతిచోటికీ ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం వెళ్లాలి. అందులో ఏం రాశారో విద్యార్థి చూడకూడదు, చూడనని ముందే సంతకం చేస్తాడు. ప్రొఫెసర్ రాస్తారు, పంపేది నేను. ఇక్కడ పైకి ఎవరూ చెప్పుకోని ఆనవాయితీ ఒకటుంది. కొందరు ప్రొఫెసర్లు ఒక్కో విద్యార్థికి రెండు ఉత్తరాలు రాస్తారు. పెద్ద యూనివర్సిటీలకు వెళ్లే ఉత్తరంలో ఈమె పరిశోధనకే పుట్టిందని, పెద్ద విభాగంలో తప్ప ఇమడదని ఉంటుంది. చిన్న కాలేజీలకు వెళ్లేదానిలో ఈమెకు పాఠం చెప్పడమంటే ప్రాణమని, చిన్న ఊరి పిల్ల, మీ దగ్గరే స్థిరపడిపోతుందని ఉంటుంది. రెండూ నిజమే కావచ్చు. పక్కపక్కన పెడితే మాత్రం ఇద్దరు మనుషుల గురించి రాసినట్టుంటాయి.

ట్రెసా ప్రొఫెసర్ లోర్నా ప్రూయిట్ ఎప్పుడూ యూనివర్సిటీల ఉత్తరానికి ఒకటి అని, కాలేజీల ఉత్తరానికి రెండు అని పేరు పెట్టేది. ఆ గురువారం నేను తింటుండగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాల్ట్, ఈసారి కాలేజీలది ముందు రాశాను. ఒకటి కాలేజీలకు, రెండు యూనివర్సిటీలకు. గుర్తుంటుందిగా?"

నోట్లో రొట్టె ఉంది. తలూపాను. గంట తర్వాత పంతొమ్మిదేళ్ల అలవాటు ప్రకారం ఒకటి డెబ్బై ఒక్క యూనివర్సిటీలకూ, రెండు నలభై తొమ్మిది కాలేజీలకూ పంపేశాను. ఒక్క ఉత్తరం తెరిచి చూసినా మొదటి పేరాలోనే దొరికిపోయేది. కానీ ఉత్తరాలు తెరవకపోవడం నాకు గొప్ప. ఆర్డిస్ దగ్గర ఆ మాట చాలాసార్లు చెప్పుకున్నాను కూడా.

*

డిసెంబరు మొదటివారం నుంచి పిలుపులు మొదలయ్యాయి. ఎక్కడినుంచి పిలుపులొచ్చాయో ఎవరికి వాళ్లు పేరు లేకుండా రాసుకునే ఇంటర్నెట్ పేజీ ఒకటి ఉంటుంది, దేశంలోని పిల్లలంతా దాన్నే చూస్తూ కూర్చుంటారు. మా విభాగంలో ఆ ఏడాది ఐదుగురు. ఎమ్రే అని టర్కీలోని ఇజ్మీర్ కుర్రవాడికి పదో తారీఖుకల్లా పద్నాలుగు పిలుపులొచ్చాయి. పాపం, సిగ్గుపడి, మోగితే ఎవరికీ వినపడకుండా ఫోను సాక్సు జతలో చుట్టి సంచిలో అడుగున పెట్టుకునేవాడు. ట్రెసాకు ఒక్కటీ రాలేదు.

ఆమె మధ్యాహ్నం డబ్బా పట్టుకుని నా గదికి రావడం అప్పుడే మొదలైంది.

"వాల్ట్ గారూ, మీ గదిలో ఓ మూల నాకు అద్దెకిస్తారా?"

విభాగంలో నన్ను గారు అని పిలిచేది ఆమె ఒక్కతే. వాళ్లది తూర్పు కెంటకీ కొండలు. పెద్దవాళ్లను అలా పిలవకపోతే వాళ్ల నాన్నమ్మ చెవి మెలిపెట్టేదట.

"ఏం, లాంజ్‌లో చోటు లేదా?"

"చోటుకేం? నేను వెళ్లగానే అందరూ గొంతు తగ్గిస్తున్నారు. చావింట్లో కూడా అంత మర్యాద చూడలేదు నేను."

ఆమె డబ్బాలో ఎప్పుడూ ఉడికించిన బీన్స్, పచ్చి ఉల్లిపాయ ముక్క ఉండేవి. హీటరు పక్కన కాళ్లు చాపుకుని తినేది. వయసు ముప్ఫై ఒకటి. వాళ్ల నాన్న బడి బస్సు నడుపుతాడు. ఆమె పరిశోధన పేపరు కూడా బడుల గురించే. చిన్న ఊళ్లలో ఖర్చు తగ్గించడానికి బడి వారానికి నాలుగు రోజులే పెడితే తల్లుల ఉద్యోగాలు ఏమవుతాయని.

"మూడేళ్లు తవ్వాను వాల్ట్ గారూ. మా అమ్మని అడిగితే మూడు నిమిషాల్లో చెప్పేసేది."

"మరి అడగలేకపోయావా?"

"అడిగాను. 'దీనికి నీకు జీతం కూడా ఇస్తున్నారా' అంది."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె చెంచాతో డబ్బా అడుగు గీకుతూ, నావైపు చూడకుండా అంది: "నాన్న రోజూ ఫోన్ చేస్తాడు. బస్సు షెడ్డులో పెట్టి అక్కడినుంచే చేస్తాడు, అందరూ వినేటట్టు. నిన్న అబద్ధం చెప్పాను. ఇద్దరు పిలిచారన్నాను."

"రేపో మాపో పిలుస్తారులే. ఇంకా టైముంది."

"అవును, టైముంది" అంది మర్యాదగా. నాకు తెలిసి చెప్పానో ఊరికే చెప్పానో ఆమె అడగలేదు.

*

డిసెంబరు పదకొండు, గురువారం మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. మిన్నెసోటాలో ఒక చిన్న కాలేజీ. అర్థశాస్త్రం చెప్పేవాళ్లు నలుగురేనట. వాళ్లలో పెద్దాయన, పేరు ఎల్డన్ రూస్.

"ఇలా ఫోన్ చేయడం పద్ధతేనో కాదో నాకు తెలియదు" అన్నాడు. "ప్రొఫెసర్ గారికే చేద్దామనుకున్నాను. నొచ్చుకుంటారేమోనని మీకు చేస్తున్నాను. ఈ కోంబ్స్ అనే అమ్మాయి దరఖాస్తు మా నలుగురికీ తెగ నచ్చింది. కానీ సిఫారసు ఉత్తరంలో పెద్ద పరిశోధన విభాగంలో తప్ప ఈమె ఎక్కడా ఇమడదని ఉంది. మేం ఏడాదికి ఆరు కోర్సులు చెప్పుకునేవాళ్లం, పరిశోధనకు తీరికే ఉండదు. పిలిస్తే అవమానంగా అనుకుంటుందా?"

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక ఉత్తరం తెరిచాను. ఫోను చెవి దగ్గరే ఉంది. ఒకటి తెరిచాను, రెండు తెరిచాను. కాలేజీలకు రాసింది యూనివర్సిటీలకూ, యూనివర్సిటీలకు రాసింది కాలేజీలకూ వెళ్లాయి.

"మీకు వేరే ఉత్తరం వచ్చింది" అన్నాను. "మీకు రావలసింది ఇప్పుడే పంపిస్తాను."

"అంతేనా! హమ్మయ్య" అన్నాడాయన. పొరపాటు ఎవరిదని అడగలేదు. ఊళ్లో మంచు ఎంత పడిందో చెప్పి, అయోవాలో ఎంత పడిందో అడిగి పెట్టేశాడు. ఆ పెద్దాయన అడగకపోవడం నాకు దక్కిన దయ. దాన్ని నేను ఎలా వాడుకున్నానో చెప్పాలి.

లోర్నా గది నా గది నుంచి పదకొండు అడుగులు. నేను వెళ్లలేదు. తలుపు వేసుకుని, రూస్‌కు సరైన ఉత్తరం ఈమెయిల్లో పంపి, మిగతాచోట్ల ఉత్తరాలు మార్చడానికి ఒక్కో యూనివర్సిటీ సైటులోకీ వెళ్లాను. ఒకసారి చేరింది మార్చడం కుదరదని అన్నీ ఒకే మాట చెప్పాయి. ఇక ప్రొఫెసరే స్వయంగా ఫోన్లు చేసి చెప్పాలి, వేరే దారి లేదు. ఇంటర్వ్యూ జాబితాలు ఆ వారమే నిండుతాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ కోటు వేసుకుని ఇంటికెళ్లాను.

ఉద్యోగం పోతుందని కాదు. ఆర్డిస్ పోయాక లోర్నాతో సహా అందరూ నన్ను కొన్నాళ్లు సెలవు పెట్టమన్నారు. బాగానే ఉన్నాను, పని చేయగలను అని పట్టుబట్టి వచ్చాను. పొద్దున లేచి వెళ్లడానికి నాకు ఈ ఒక్క చోటే మిగిలింది. వాళ్లన్నదే నిజమని వాళ్ల మొహాల్లో చూడలేకపోయాను. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

శుక్రవారం కూడా చెప్పలేదు. శనివారం మార్లిస్ వాకిట్లో మంచంతా పారతో ఎత్తిపోశాను. ఆదివారం మళ్లీ ఎత్తిపోశాను, పెద్దగా పడకపోయినా. "వాల్ట్, నా వాకిలి అరిగిపోతుంది" అంది ఆమె కిటికీలోంచి.

సోమవారం మధ్యాహ్నం ట్రెసా ఇనుప మూకుడుతో సహా వచ్చింది. అందులో మొక్కజొన్న రొట్టె, ఇంకా వెచ్చగా ఉంది.

"ఒక్కరు పిలిచారు వాల్ట్ గారూ. మిన్నెసోటాలో కాలేజీ. నాన్నకు చెప్పిన అబద్ధంలో సగం నిజమైంది."

"చాలా సంతోషం, ట్రెసా."

"ఇది మీకే. ఈ రెండు వారాలూ నన్ను ఏమీ అడగని మనిషి మీరొక్కరే."

ముక్క కోసి ఇచ్చింది. తీసుకుని తిన్నాను. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా, చాలా బాగుంది. బాగుందని చెప్పాను కూడా.

ఆమె ఎదురుగా కూర్చుని సంచిలోంచి తన పేపరు తీసింది. అంచుల నిండా ఎర్ర పెన్సిలు గీతలు.

"నూట ఇరవై చోట్ల నుంచి ఒక్కటే పిలుపు వచ్చిందంటే ఇందులో ఎక్కడో తప్పుండాలి. అందరికీ కనిపిస్తోంది, నాకే కనిపించడం లేదు. రెండు వారాలుగా వెతుకుతున్నాను. లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. దొరకడం లేదు. దొరికితే బాగుండు, కనీసం తెలిసేది. మూడో భాగం తీసి పారేద్దామనుకుంటున్నా."

"మూడో భాగం బాగుందని లోర్నా అనేదిగా?"

"ఆవిడ మంచిది, అలాగే అంటుంది." పెన్సిలుతో ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసింది. నెమ్మదిగా, స్కేలు పెట్టినంత తిన్నగా.

ఆ గీత చూశాక నేను లేచాను. "కాసేపుండు" అని చెప్పి ఆ పదకొండు అడుగులూ నడిచాను.

*

లోర్నా మొత్తం విన్నది. నేను నిలబడే చెప్పాను.

"కూర్చోండి, వాల్ట్" అంది. వెంటనే, "వద్దు, కూర్చోకండి. ముందు ఆ జాబితా పట్టుకురండి. ఏది ఎక్కడికి వెళ్లిందో అంతా."

జేబులోనే ఉంది, ఇచ్చాను. దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది.

"ఇప్పుడు నేను డెబ్బై మందికి ఫోన్ చేసి, అయ్యా, మీకొచ్చింది కాలేజీల కోసం రాసిన ఉత్తరం, మీ కోసం ఇంకోటి రాశాను అని చెప్పుకోవాలి. నేను రెండు నాలుకల మనిషినని నా నోటితో నేనే."

"అందరూ రాస్తారు కదా..."

"అందరూ రాస్తారు. ఫోన్ చేసి ఎవరూ చెప్పరు." కళ్లజోడు తీసింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

ఆమె కిటికీవైపు తిరిగింది. బయట చీకటి పడటం మొదలైంది. "శుక్రవారం పొద్దున చెప్పి ఉంటే సగం జాబితాలు ఇంకా తెరిచే ఉండేవి" అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అంది.

"నేను మానేస్తాను, లోర్నా."

"మానేస్తే మిగతా నలుగురి ఉత్తరాలు నేను పంపాలా? మీ సిగ్గు మీరు మోసుకోండి. పని మాత్రం చేయండి." ఫోను ముందుకు లాక్కుంది. "ట్రెసాకు ఇప్పుడే చెప్పకండి. ఉత్తరాల్లో ఏముందో ఆమెకు తెలియకూడదు."

"ఏముందో చెప్పను. నేనేం చేశానో చెప్తాను."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, అప్పటికే మొదటి నంబరు నొక్కుతూ, సరేనన్నట్టు చెయ్యి ఊపింది.

ట్రెసా ఇంకా నా గదిలోనే ఉంది. రొట్టె మీద గుడ్డ కప్పి, పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కుర్చీ లాక్కుని చెప్పాను. పేపరులో తప్పు లేదని ముందు చెప్పాను, తర్వాత మిగతాదంతా. రెండు రకాల ఉత్తరాలుంటాయని ఆమె ఎక్కడో విన్నదేనట, ఆశ్చర్యపోలేదు.

మొదట ఆమె మొహం విచ్చుకుంది. "అంటే పేపరు కాదా?" అంది. "నేను కాదా?"

"నువ్వు కాదు. నేను."

చేతుల్లో మొహం పెట్టుకుని ఊపిరి వదిలింది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. తర్వాత చేతులు తీసి మూకుడువైపు చూసింది.

"మీకెప్పుడు తెలిసింది?"

ఆ రోజు ఆ ప్రశ్న రెండోసారి. "గురువారం" అన్నాను.

"ఈ రోజు సోమవారం."

"అవును."

"నేను రొట్టె తెచ్చినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"తిన్నారు."

"తిన్నాను."

ఆమె లేచింది. పేపరు సంచిలో పెట్టుకుంది. మూకుడు తీసుకుంది, గుడ్డ మాత్రం నా బల్ల మీదే మరిచిపోయింది. నేను దాన్ని ఉతికి, మడిచి, మర్నాడు విభాగంలోని ఆమె ఉత్తరాల పెట్టెలో పెట్టాను.

*

లోర్నా ఆ వారమంతా ఫోన్లు చేసింది. బొంగురుపోయిన గొంతుతో నా గుమ్మం ముందునుంచి వెళ్తూ సంఖ్య మాత్రం చెప్పేది. "ఇరవై రెండు. లేదు." "ముప్ఫై ఐదు. ఒకటి అవునన్నారు." చివరికి రెండు యూనివర్సిటీలు, మరో మూడు కాలేజీలు చోటు చేశాయి. మిగతావాళ్లు చాలా మర్యాదగా, జాబితా నిండిపోయిందన్నారు. కొందరు శుక్రవారం దాకా నిండలేదని కూడా చెప్పారట. ఆ ముక్క లోర్నా నాకు చెప్పకుండా ఉండొచ్చు. చెప్పింది. నాకు అదే న్యాయంగా అనిపించింది.

ట్రెసా మళ్లీ నా గదిలో భోజనం చేయలేదు. ఎమ్రే గదిలో తినేది. వరండాలో ఎదురైతే "హలో, వాల్ట్" అనేది, విభాగంలో మిగతా అందరూ పిలిచినట్టే. జనవరిలో ఇంటర్వ్యూలు అయ్యాయి. ఫిబ్రవరిలో చివరి ఎంపికకు పిలిస్తే రెండు చోట్లకు వెళ్లొచ్చింది, ఒహాయోలో ఒక యూనివర్సిటీ, మిన్నెసోటాలో ఎల్డన్ రూస్ కాలేజీ. ఒహాయోవాళ్లు వేరే అతన్ని తీసుకున్నారు.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం ఐదున్నరకు ఆమె నా గుమ్మంలో నిలబడింది. చేతిలో సంతకం చేసిన కాగితం ఉంది.

"స్కానరు మీ గదిలోనే ఉంది" అంది. "లేకపోతే వచ్చేదాన్ని కాదు."

"మిన్నెసోటానా?"

"మిన్నెసోటానే." కాగితం ఇచ్చింది. "నాకు నచ్చింది అక్కడ. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేశారు. రూస్ గారి భార్య ఉన్ని చేతితొడుగులిచ్చింది, నావి చూసి జాలిపడి. నచ్చినందుకు మీ మీద ఇంకా కోపంగా ఉంది."

"నచ్చితే కోపమెందుకు?"

"నచ్చకపోతే మిమ్మల్ని తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని. ఇప్పుడు ఆ వీలు కూడా లేదు."

నేను కాగితం స్కానరులో పెట్టాను. ఉత్తరాలు సరిగా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మా విద్యంతా ఆ ప్రశ్నే, వాల్ట్. అలా జరగకపోయి ఉంటే ఏమయ్యేదని. జవాబు ఎవరికీ తెలియదు. తెలిసినట్టు నలభై పేజీలు రాస్తాం." కోటు గుండీలు పెట్టుకుంటూ ఆగింది. "ఉత్తరాల సంగతి ఆ రాత్రికే పోయింది. ఎవరైనా చేసే పొరపాటే. ఆ నాలుగు రోజులు మాత్రం ఇంకా పోలేదు. పోతాయో లేదో చెప్పలేను. పోయాయని ఊరికే అనలేను."

"అనొద్దు" అన్నాను.

ఈమెయిలు తెరిచి, కాలేజీ చిరునామా కొట్టి, కాగితం జతచేశాను. ఆమె బల్ల చుట్టూ తిరిగొచ్చి నా భుజం వెనక నిలబడింది.

"పైకి చదవండి."

"ఏమిటి?"

"ఎవరికి వెళ్తోందో, ఏం వెళ్తోందో. పైకి చదవండి."

కాలేజీ పేరు చదివాను. ఆమె పేరు చదివాను. కాగితం తెరిచి, జీతం అంకె, చేరవలసిన తేదీ, కింద ఆమె సంతకం, అన్నీ ఒక్కొక్కటే చదివాను. అంకె దగ్గర ఆగి, సరిచూసుకుని, మళ్లీ చదివాను. ఆమె తొందరపెట్టలేదు.

"పంపండి" అంది.

పంపాను. వెళ్లిందని తెర మీద వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.

"మీరు ఇంకా ఉంటారా?" అంది సంచి భుజాన వేసుకుంటూ.

"కాసేపుంటాను."

"వరండాలో హీటరు ఆపేశారు. చలి వస్తుంది" అని, ఆమె బయటికి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని తలుపు దగ్గరికి వేసింది.